మా అమ్మ చేసిన జుట్టు పండగలు

నేను చదివింది ఆరో తరగతి దాకా. బళ్లో మా అయ్యవారు నన్ను చూసి, "వీడికి సరుకంతా తల పైనే, లోపలేమీ లేదు" అనేవాడు. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే పైనా లోపలా సమానమైంది. ఆయన ఉండి చూస్తే ఎంత సంతోషించేవాడో. అయినా సరే, జుట్టు పెరగడానికి ఏం తినాలని ఎవరైనా అడిగితే జవాబు చెప్పే హక్కు నాకుంది. ఒక ఏడాదిపాటు నేను దానికోసమే తిన్నాను. పంచాంగంలో ఉన్న పండగలన్నీ తిన్నాను. లేని పండగలు కూడా తిన్నాను.

అది బిట్రగుంటలో బొగ్గింజన్లు పొగ కక్కుతున్న కాలం. మా నాయన ఇంజన్లో బొగ్గు వేసే పనిలో ఉండేవాడు. నేను స్టేషన్ బయట గోలీసోడా బండి పెట్టుకున్నాను. సోడా కొట్టినప్పుడల్లా కీచుమని అరుస్తుంది, చుట్టుపక్కల జనమంతా తల తిప్పి చూస్తారు. బళ్లో అన్నేళ్లు కూర్చున్నా నావైపు ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. చూస్తారు కాబట్టి నేనూ తయారుగా ఉండేవాణ్ణి. తలనిండా ఒత్తుగా జుట్టు. నుదుటి మీద ఒక పాయను ఉంగరంలా తిప్పి కొబ్బరినూనెతో అతికించేవాణ్ణి. ఎంత ఎండలోనైనా ఆ ఉంగరం కదిలేది కాదు.

ఆ ఉంగరం ఎవరికోసమంటే, సూళ్లూరుపేటలో ఉన్న మా మరదలి కోసం. మా అమ్మకు తమ్ముడు, అంటే మా మామ, శ్రీహరికోట నుంచి పడవల్లో సరుగుడు కట్టెలు దింపించి సూళ్లూరుపేటలో అమ్మేవాడు. శ్రీహరికోట అంటే అప్పటికి కట్టెలే, రాకెట్ల సంగతి ఎవరికీ తెలియదు. ఆయన కూతుర్ని నాకివ్వాలని తాంబూలాలు కూడా పుచ్చుకున్నారు. నేను ఆమెను చేసుకోవాలని ఎందుకు అంత పట్టుపట్టానంటే, నా హాస్యానికి ఊరంతా నవ్వేది, ఆమె మాత్రం నవ్వేది కాదు. దానికి మించిన మాట ఒకటి నా మొహాన కొట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోయేది. అలాంటి మనిషి ఇంట్లో ఉంటే బతుకంతా పొద్దుపోతుందని నా ఆశ.

తాంబూలాలైన కొన్నాళ్లకే నాకు టైఫాయిడ్ వచ్చింది. వారాల తరబడి బార్లీ నీళ్ల మీద బతికాను. జ్వరం పోయింది. పోతూ పోతూ ఊరికే పోలేదు, జుట్టును వెంట తీసుకుపోయింది. దువ్వెన పెడితే నా తల బోసిపోయి, దువ్వెనకు జుట్టు మొలిచేది. చివరికి తల మీద అక్కడక్కడా నాలుగు పోచలు నిలబడి, కోత కోసిన చేలో మరిచిపోయిన వెన్నుల్లాగా ఊగుతుంటే, అవి కూడా తీసేయడమే మర్యాదని మంగలి అన్నాడు. తీసేశాడు. గుండుతో వచ్చి సోడా బండి దగ్గర నిలబడ్డాను.

మా వైపు వయసు కుర్రాడు గుండుతో కనిపిస్తే రెండే అర్థాలు. కొండకు పోయి వచ్చినాడు, లేదా తండ్రి పోయినాడు. నా చేతిలో కొండ ప్రసాదం లేదు. కాబట్టి జనం రెండోదే ఖాయం చేసుకున్నారు. సోడా తాగడానికి వచ్చిన ఒక పెద్దాయన నా భుజం తట్టి, ఓర్చుకోవాలి నాయనా, మీ నాయన ఎట్లా పోయినాడు అని అడిగాడు. మా నాయన ఆ పక్కనే నిలబడి సోడా తాగుతున్నాడు. ఆయన సీసా నోటి నుంచి తీసి, "ఇంకా సోడా ముగియలేదన్నా, ముగియనీ, చూద్దాం" అన్నాడు.

ఇది నవ్వుకునే సంగతిగానే ఉండేది, మా మామ రాకపోతే. జ్వరం తగ్గిన అల్లుణ్ణి చూసిపోదామని ఆయన మద్రాసు వైపు నుంచి వచ్చే బండి దిగాడు. స్టేషన్ గేటు దగ్గర నుంచే నా గుండు ఆయనకు కనిపించింది. చేతిలో ఉన్న అరటిగెల కింద పడేసి, అక్కడే నేల మీద కూలబడి, "అయ్యో బావా, పోయినావా బావా" అని గుండెలు బాదుకున్నాడు. ఆయన్ని చూసి, ఎవరు పోయారో తెలియకపోయినా, ప్రయాణికుల్లో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఏడుపు అందుకున్నారు. మా నాయన పోయి ఆయన్ని లేపాల్సి వచ్చింది. లేపుతున్నది ఎవరో చూశాక మా మామ ఏడుపు ఆపాడు గానీ, వణుకు మాత్రం చాలాసేపు ఆగలేదు.

ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, మా అమ్మతో తేల్చి చెప్పాడు. "సొంత మనిషిని, నేనే ఏడ్చినానే అక్కా. రేపు వీడు ఈ గుండుతో పీటల మీద కూచుంటే పెళ్లికొచ్చినోళ్లంతా ఏడవరా? జుట్టు రానీ. అప్పుడు చూద్దాం ముహూర్తం." ఉగాది దాకా ఆగుతానన్నాడు. రాకపోతే గూడూరు సంబంధం ఒకటి కాచుకొని ఉందని, ఆ అబ్బాయికి తలనిండా జుట్టు చాలక కనుబొమలు కూడా ఒకదానితో ఒకటి కలిసిపోయాయని చెప్పి వెళ్లాడు.

ఆయన వెళ్లిన వెంటనే మా అమ్మ వీధి అరుగు మీదికి వచ్చి, కొండ ఉండే దిక్కు చూసి రెండు చేతులూ ఎత్తింది. "నా బిడ్డ నెత్తిన జుట్టు మొలిపించు స్వామీ, మొలిచిన జుట్టంతా తెచ్చి నీకే ఇస్తాను" అని మొక్కింది. నేనూ మా నాయనా పక్కనే నిలబడి భక్తిగా దండం పెట్టుకున్నాం. ఆ మొక్కులో ఉన్న తిరకాసు మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మా ఇంట్లో అందరి చదువూ కలిపితే కూడా ఎనిమిదో తరగతి దాటదు మరి.

రైల్వే ఆస్పత్రి డాక్టరుకు చూపిస్తే ఆయన నవ్వేశాడు. జ్వరంలో ఊడిన జుట్టు ఎక్కడికీ పోదు, నెలలు పడుతుంది గానీ దానంతట అదే వస్తుంది, ఒంట్లో సత్తువ లేకపోతే మాత్రం ఆలస్యమవుతుంది, నువ్వులు, మినుములు, శనగలు, బెల్లం, పాలు బాగా తినమన్నాడు. మందు రాయలేదు. మందు రాసి ఉంటే మా వీధి ప్రశాంతంగా ఉండేది.

ఎందుకంటే, ఆయన చెప్పినవన్నీ మా ఇంట్లో పండగ సరుకులు. మా అమ్మకు ఒక నియమం ఉంది. పండగ వంట పండగనాడే చేయాలి, ఉత్త రోజున చేస్తే ఇంటికి అరిష్టం. నువ్వులంటే నాగుల చవితికి చిమ్మిలి. నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి దంచి ఉండలు చేస్తుంది. మినుములంటే దీపావళికి సున్నుండలు. శనగలంటే శ్రావణ శుక్రవారం, దసరా. ఊరికే ఒక గుప్పెడు నువ్వులు నోట్లో వేసుకుంటానంటే నా చేతి మీద ఒకటి కొట్టింది. నువ్వులు పండగకు కాకపోతే పితృకార్యానికే వాడతారు. "గుండు పెట్టుకొని, నువ్వులు ముందేసుకొని కూచుంటావా? మీ మామ ఈసారి రైలు దిగకుండానే ఏడుస్తాడు" అంది.

అదీ నిజమే. అయితే నువ్వులు తినేదెట్లా? మా అమ్మ ఒక రాత్రి ఆలోచించింది. తెల్లారి లేచి దారి కనిపెట్టింది. పండగ లేకుండా వంట చేయకూడదు గానీ, పండగే చేసుకుంటే ఎవరు కాదన్నారు?

నాగుల చవితిని కొందరు శ్రావణంలో చేస్తారు, కొందరు కార్తీకంలో. ఇది మా పుట్టింటి ఆచారం, ఇది మా అత్తింటి ఆచారం అని మా అమ్మ రెండూ చేసింది. అక్కడితో ఆగలేదు. చవితి ప్రతినెలా వస్తుంది, వెన్నెల్లో ఒకటి, చీకట్లో ఒకటి. నాగేంద్రుడికి మిగతా చవితులంటే కోపమా అని అన్నింటినీ చేసింది. ఊరవతల తుమ్మచెట్ల కింద ఒక పుట్ట ఉండేది. తడిబట్టతో పోయి పాలు పోసి, చిమ్మిలి పెట్టి, నా తల పుట్టకు ఆనించి దండం పెట్టించేది. ఆ ఏడాది ఆ పాము తాగినన్ని పాలు నేను పుట్టినప్పటి నుంచీ తాగి ఉండను. నా జుట్టు సంగతి ఏమో గానీ, పుట్టలో దానికి జడ వచ్చి ఉంటుందని నేనంటే, లెంపలు వేసుకోమని చెప్పి, తనే నా లెంపలు వేసింది.

సున్నుండల కోసం దీపావళి ఒక్కటి సరిపోలేదు. నరక చతుర్దశికి చేసింది. తర్వాత చతుర్దశికీ చేసింది. నరకుడు ఒక్కసారి చస్తే చాలదా అమ్మా అంటే, మంచి జరగాలంటే వాడు ఎన్నిసార్లయినా చావచ్చు అంది. పగటిపూట దీపం వెలిగించి, ఒక మతాబా కాల్చి, సున్నుండ నా చేతిలో పెట్టేది. మా నాయన డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంటికి మామిడాకులు కట్టి ఉండేవి. ఆయన ఏ పండగని అడగడం మానేశాడు. స్నానం చేసి పీట మీద కూర్చునేవాడు. స్టేషన్‌లో గుమాస్తా ఒకాయన మాత్రం మా అమ్మ దగ్గరికి వచ్చి, రేపు కూడా పండగ ఉందా అమ్మా, సెలవు చీటీ రాసుకుంటాను అని మర్యాదగా అడిగాడు.

ఇంత చేస్తే నాకు దక్కింది ఎంతో అడగండి. మా అమ్మకు రెండో నియమం కూడా ఉంది. పండగ వంట పంచకుండా తినకూడదు. రోలు నిండా చిమ్మిలి దంచితే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పంచి, పళ్లెం తుడిచి, ఆ తుడిచినదానికి ఇంకో రెండుండలు కలిపి నా చేతిలో పెట్టేది. ఫలితం తొందరగానే కనిపించింది, నా తల మీద కాదు. మా పక్కిల్లు దర్జీ సాయిబు గారిది. ఆయన గడ్డం అంతవరకూ మేకపిల్లకు ఉన్నంతే. మా చవితులు మొదలైన కొన్ని నెలలకు అది ఎంత ఒత్తుగా వచ్చిందంటే, కుట్టేటప్పుడు మిషన్ చక్రంలో పడకుండా చొక్కాలోకి దోపుకునేవాడు. ఆయన భార్య జడ బొటనవేలంత ఉండేది, మణికట్టంత అయింది. ఆమె రోజూ సాయంత్రం గోడ మీద నుంచి మా అమ్మను అడిగేది, "అక్కా, మళ్లీ పాముల పండగ ఎప్పుడు?"

ఆమెకూ న్యాయం తెలుసు. రంజాను వస్తానే మాకు తీరుస్తానంది. ఖర్జూరం, బాదం, సారపప్పు పాలల్లో మరిగించి సేమ్యా వేసి చేస్తే, తలకు అంతకు మించింది లేదని చెప్పింది. అది విన్నప్పటి నుంచి మా అమ్మ వాళ్లకంటే ముందు వీధిలోకి వచ్చి నెలవంక కోసం వెతికేది. రంజాను ఉపవాసాలు ఇంకా సగం కాకుండానే ఒకరోజు సాయంత్రం, కొబ్బరాకుల సందులో ఏదో మెరిసిందని వీధి అంతా కేకేసి లేపింది. తీరా చూస్తే యార్డులో సిగ్నలు దీపం. సాయిబు గారు నవ్వాపుకోలేక గడ్డం అడ్డం పెట్టుకున్నాడు. ఆ గడ్డానికి అప్పటికి అంత శక్తి వచ్చింది, అడ్డం పెట్టుకుంటే మొహమే కనిపించలేదు. పండగనాడు వాళ్లింటి నుంచి వచ్చిన గిన్నె మాత్రం నేనొక్కణ్ణే తిన్నాను. అది మా ఇంటి పండగ కాదు కాబట్టి పంచాల్సిన పని లేదని నేను వాదించాను. మా అమ్మ ఎంతసేపు ఆలోచించినా ఆ వాదంలో తప్పు పట్టలేకపోయింది. ఆరో తరగతి చదువు అక్కరకు వచ్చింది ఆ ఒక్కసారే.

ఈ లోపల నాలో ఒకటి మాత్రం బ్రహ్మాండంగా పెరుగుతూ వచ్చింది. పొట్ట. లుంగీ ముడి పొట్ట కిందికి దిగింది. సోడా బండికి నేను ఒక వైపు, నా పొట్ట ఇంకో వైపు నిలబడేవాళ్లం. తింటున్నది తలకు ఎక్కాలి గదా, దారిలోనే దిగిపోతోందేమిటని మా అమ్మ బెంగపడి, అన్నం తిన్న తర్వాత నన్ను కాసేపు గోడకు కాళ్లు ఆనించి తలకిందులుగా పడుకోమంది. పడుకున్నాను. ఉగాది దగ్గరికి వస్తోంది. గూడూరు కనుబొమలు కలలోకి వస్తున్నాయి. అలాంటప్పుడు మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు.

అరిసెల మీద నువ్వులు అద్దే రోజులు దాటి, మామిడిచెట్లు పూతకు వచ్చే వేళకు, ఒక ఉదయం మా అమ్మ నా తలకు నూనె రాస్తూ ఆగిపోయింది. చేతికి ఏదో గరుకుగా తగిలిందట. నన్ను ఎండలోకి ఈడ్చుకుపోయి చూసింది. తొలకరికి దిబ్బ మీద గరిక మొలిచినట్టు, తలంతా నల్లటి మొలక. తర్వాత ఇక ఆగలేదు. ఉగాది పచ్చడి తినేనాటికి దువ్వెన పట్టేంత అయింది. పండగల వల్ల వచ్చిందా, డాక్టరు చెప్పినట్టు దానంతట అదే వచ్చిందా అంటే నేను తీర్పు చెప్పలేను. జ్వరానికి పీల్చుకుపోయిన ఒళ్లు నువ్వులతో, మినుములతో మళ్లీ నిలబడింది, అది మాత్రం నిజం. తిండి లేని తలకు ఏ నూనె రాసినా గోడకు రాసినట్టే. మా అమ్మకు మాత్రం ఈ సందేహాలేవీ లేవు.

కబురందగానే మా మామ దిగాడు. జుట్టు అతికించినదేమోనని అనుమానం. రెండు వేళ్లతో పట్టి గట్టిగా లాగాడు. నేను అరిచాను. ఆ అరుపు విని ఆయన మొహం వికసించింది. అక్కడికక్కడే పంచాంగం తెప్పించి వైశాఖంలో ముహూర్తం పెట్టారు. బెల్లం ముక్క అందరి నోటా పడింది. ఆ తీపి ఇంకా కరగకముందే మా అమ్మ కొంగుతో మూతి తుడుచుకొని, మరి ముహూర్తానికి ముందే కొండకు పోయి రావాలి అంది.

ఎందుకని మామ అడిగాడు. మొక్కు చెప్పింది. నా చెయ్యి దానంతట అదే తల మీదికి పోయింది. పెళ్లయిన తర్వాత తీర్చుకోవచ్చు గదా అని మామ బతిమాలాడు. దేవుడికి బాకీపడి పీటల మీద కూర్చుంటారా అని అమ్మ. పోనీ, ఆడవాళ్లు ఇచ్చినట్టు మూడు కత్తెర్లు ఇప్పిద్దామని మామ. "మొలిచిన జుట్టంతా అన్నాను. కొంచెం అని నేనన్లేదు, ఆయన విన్లేదు" అని అమ్మ. మామ లేచి తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. మళ్లీ గుండు చేయిస్తే తన కూతుర్ని ఇవ్వనని, పెళ్లిలో ఏడుపులు వినలేనని చెప్పి, మజ్జిగ కూడా తాగకుండా బండి ఎక్కాడు.

జుట్టు రాకపోయినా పెళ్లి లేదు, వచ్చినా లేదు. ఇంత తిండి తిని ఈ గతి పట్టినవాడు నెల్లూరు జిల్లాలో ఇంకొకడు ఉండడని నాకు అనిపించింది. మర్నాడు బండి మూసేసి సూళ్లూరుపేట పోయాను. మా మామ కట్టెల దొడ్లో తూకం వేయిస్తున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. కట్టెల మోపుల వెనక మరదలు ఉంది. జడ భుజం మీదుగా ముందుకు వేసుకొని, వచ్చి నా తల అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ జుట్టుకేనా బావా ఇంత రగడ? మా దొడ్లో ఎండుగడ్డి ఇంతకంటే ఒత్తుగా ఉండాది."

అన్నీ చెప్పాను, చవితులు, మతాబాలు, తలకిందులు పడుకోవడం, మొక్కు, అంతా. చివరికి, నీకు గూడూరు ఇష్టమైతే చెప్పెయ్ అని కూడా అన్నాను. ఆమె మోపుల మీదుగా వాళ్ల నాయన్ని పిలిచింది.

"నాయనా, బావ గుండు చూసి జనం ఏడుస్తారనే గదా నీ భయం?"

అవునన్నాడు ఆయన.

"కొండ మీద గుండు చూసి ఎవురన్నా ఏడుస్తారా?"

మా మామ చేతిలో తూకం రాయి అట్లాగే నిలిచిపోయింది.

"ఆడ జుట్టుండేవోడే వింత. పెండ్లి కొండ మీద పెట్టు."

అంతే. మా ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్లు ఇన్ని నెలలు నా తలను తిప్పి తిప్పి చూశారు. తలను కాకుండా చోటును మార్చవచ్చని ఒక్కరికీ తట్టలేదు. మా మామ కాసేపు లోపల లోపల వెతికి, అభ్యంతరమేదీ దొరక్క, మజ్జిగ తెమ్మన్నాడు. రెండు గ్లాసులు.

వైశాఖంలో కొండ మీద సత్రంలో పెళ్లి. పొద్దున్నే కల్యాణకట్టలో నా జుట్టంతా స్వామికి చేరింది. ఏడాదిపాటు తిన్న చిమ్మిలి, సున్నుండలు, సేమ్యా అన్నీ నల్లగా నా ఒళ్లో రాలిపడ్డాయి. తోడుగా మా నాయన కూర్చున్నాడు. మా ఇద్దర్నీ చూసి మా మామ కూడా కూర్చున్నాడు. మా వెనక వరసలో గుమాస్తా, సెలవు చీటీతో. గంధం పూసుకొని అందరం బయటికి వస్తే, ఎదురుగా వచ్చేవాళ్లూ గుండ్లే, పోయేవాళ్లూ గుండ్లే. ఒక్కరూ ఏడవలేదు. మా మామ ఆ ఆనందంతో ఏడ్చాడు.

ముహూర్తం వేళకు జీలకర్ర బెల్లం. తమలపాకులో పెట్టిన ఆ ముద్దను ఒకరి నడినెత్తిన ఒకరు పెట్టాలి. ఆమె తల మీద నేను పెట్టింది పెట్టినట్టు నిలిచింది, అంత జుట్టు. నా తల మీద ఆమె పెట్టింది, తడి గంధం మీద జారి ఎడమ చెవి వైపు ప్రయాణం కట్టింది. ఆమె దాన్ని పట్టుకొని వెనక్కి తెచ్చింది. అది కుడి చెవి వైపు బయల్దేరింది. చివరికి ఆమె అరచేయి మొత్తం నా గుండు మీద ఆన్చి, మంత్రాలు ముగిసేదాకా గట్టిగా అదిమి పట్టుకుంది. పంతులు గారు ఇక చాలమ్మా అన్నా తియ్యలేదు. ఆ బరువుకు నా మెడ నొచ్చింది గానీ, కదలబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం ఘాట్ రోడ్డు మీద బస్సు దిగుతుంటే, నా చెవుల వెనక ఇంకా బెల్లం జిగట. ఈగలు మాతోపాటు టిక్కెట్టు లేకుండా వస్తున్నాయి. పక్కన కూర్చున్న పెళ్లాన్ని ఆటపట్టిద్దామనిపించింది. "ఏమే, అంతమంది చూస్తా ఉంటే నా నెత్తి మీద నుంచి చెయ్యి తియ్యలేదే, అంత ప్రేమా?" అన్నాను.

ఆమె కిటికీలో నుంచి లోయలోకి చూస్తూ, తల తిప్పకుండానే అంది. "ప్రేమా పాడా. పండగ తిండి తలకు మంచిదని అత్త ఏడాదంతా నీ నోట్లో పెట్టింది, అది పొట్టకు పొయ్యింది. అందుకే నేను నేరుగా తలకే పెట్టి, దిగిపోకుండా పట్టుకున్నా."